క్రైస్తవ జీవనంలో కృతజ్ఞత

క్రైస్తవ మతంలో కృతజ్ఞత అనగా దేవుడు తనకు చేసిన మేలును ఎరిగి, ఆ ఎరుకతో మాటలోను, నడవడిలోను, పరసేవలోను ప్రతిస్పందించడం. క్రైస్తవుడు మంచి పనులు ఎందుకు చేయాలి అనే ప్రశ్నకు ఆ మతంలో చెప్పబడిన సమాధానాలలో ఇది ముఖ్యమైనది. రక్షణ మనుష్యుని పుణ్యకార్యాలకు ప్రతిఫలం కాదని, దేవుని కృపవలన ఉచితంగా లభించేదని ప్రొటెస్టంటు శాఖలు బోధిస్తాయి. అట్లయితే మంచి పనుల అవసరం ఏమున్నది? ఉచితంగా లభించినదానికి మరల పాటుపడడం దేనికి? పదహారవ శతాబ్దపు ఐరోపాలో ఈ ప్రశ్నపై తీవ్రమైన వాదం నడిచింది. 1563లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో వెలువడిన ఒక చిన్న ప్రశ్నోత్తరి దీనికి ఇచ్చిన సమాధానంలో మొదటి మాట కృతజ్ఞత. ఆ సమాధానం, దానికి గల బైబిలు ఆధారాలు, దానిపై వచ్చిన అభ్యంతరాలు, 1876-78 నాటి కరవులో ఒంగోలు ప్రాంతంలో అదే ప్రశ్న ఎదురైన తీరు ఈ వ్యాసంలోని విషయాలు.

పద వివరణ

కృతజ్ఞత సంస్కృత పదం. కృతం అంటే చేయబడినది, జ్ఞ అంటే ఎరిగినది. కాబట్టి తనకు చేయబడినదానిని ఎరిగి ఉండడం కృతజ్ఞత. దీనికి వ్యతిరేకమైన కృతఘ్నత అనే పదానికి చేసిన మేలును చంపడం అని అర్థం. కృప, కృతజ్ఞత అనే రెండు మాటలూ ఒకే అక్షరంతో మొదలైనా వాటి ధాతువులు వేరు. గ్రీకు భాషలో అట్లు కాదు. క్రొత్త నిబంధనలో కృపకు వాడబడిన ఖారిస్ అనే పదమే కొన్ని చోట్ల ధన్యవాదం అనే అర్థంలో కూడా వస్తుంది. కృతజ్ఞతాస్తుతి అనే అర్థం గల యూఖరిస్తియ కూడా దానినుండి పుట్టినదే. రోమన్ కాథలిక్కులు దివ్యసత్ప్రసాదం అని పిలిచే సంస్కారానికి ఐరోపా భాషలలో ఉన్న పేరు ఈ గ్రీకు పదమే. ఇచ్చేవాని దయకు, పుచ్చుకొనేవాని స్పందనకు ఒకే మాట ఉండడం తెలుగు పాఠకునికి వింతగా తోచవచ్చును గాని, పౌలు వాదం అర్థం కావాలంటే ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

హెబ్రీ భాషలో తోదా అనే పదానికి స్తుతి, కృతజ్ఞత అనే అర్థాలతో పాటు కృతజ్ఞతార్పణ బలి అనే అర్థం కూడా ఉన్నది. లేవీయకాండం 7వ అధ్యాయం ప్రకారం ఈ బలి మాంసాన్ని ఆ దినముననే తినివేయాలి, మరునాటికి మిగల్చరాదు. ఒక పశువు మాంసం ఒక కుటుంబం ఒక్క పూటలో తినగలిగినది కాదు. కాబట్టి నలుగురిని పిలిచి పంచకుండా ఈ విధిని నెరవేర్చడం కష్టమని వ్యాఖ్యాతలు గమనించారు.

బైబిలులో

పాత నిబంధనలో కృతజ్ఞతకు, పరసేవకు గల సంబంధం ద్వితీయోపదేశకాండంలో స్పష్టంగా కనబడుతుంది. 26వ అధ్యాయంలో రైతు ప్రథమ ఫలాలను గంపలో పెట్టుకొని యాజకుని యొద్దకు తేవాలని ఉన్నది. గంప అప్పగించి ఊరుకుంటే చాలదు. తన పితరుడు ఇల్లు వాకిలి లేక తిరిగినవాడని, తన జనం ఐగుప్తులో దాస్యం చేసిందని, దేవుడు వారిని విడిపించి ఈ భూమిని ఇచ్చాడని అతడు నోటితో చెప్పాలి. ఆ తరువాత లేవీయునితోను, పరదేశితోను కలిసి సంతోషించాలి. ఇక 24వ అధ్యాయంలో పొలంలో మరచిన పనను తిరిగి తెచ్చుకొనరాదని, ఒలీవ కొమ్మలను రెండవసారి దులపరాదని, ద్రాక్షతోటలో పరిగె ఏరరాదని, అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందాలని ఉన్నది. ఇందుకు చెప్పబడిన కారణం గమనించదగినది. పేదలపై జాలి అని గాని, పుణ్యం అని గాని అక్కడ లేదు. నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావని జ్ఞాపకం చేసుకో, అందువలననే ఈ ఆజ్ఞ అని ఉన్నది. జ్ఞాపకం ఆజ్ఞకు ఆధారమైనది.

క్రొత్త నిబంధనలో సాధారణంగా ఉదహరింపబడేది లూకా సువార్త 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల వృత్తాంతం. పదిమందీ స్వస్థులైనా తిరిగివచ్చినవాడు ఒక్కడే, వాడు కూడా యూదులు దూరంగా ఉంచే సమరయుడు. అదే సువార్త 7వ అధ్యాయంలో యేసు పరిసయ్యుడైన సీమోను ఇంట ఇద్దరు ఋణస్థుల ఉపమానం చెప్పాడు. ఒకడు 500 దేనారాలు, మరొకడు 50 దేనారాలు అచ్చియుండగా అప్పిచ్చినవాడు ఇద్దరినీ క్షమించాడు. ఎక్కువ క్షమింపబడినవాడు ఎక్కువ ప్రేమిస్తాడన్నది దాని తాత్పర్యం.

అయితే కృతజ్ఞత తనంతట తానే పుట్టదని చెప్పే ఉపమానం కూడా ఉన్నది. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు అచ్చియున్నాడు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక కూలివాని దినకూలి. అనగా ఆ అప్పు 6 కోట్ల దినాల కూలి. రాజు దానిని క్షమించి విడిచిపెట్టాడు. ఆ దాసుడు బయటికి వెళ్ళి తనకు 100 దేనారాలు అచ్చియున్న తోటి దాసుని గొంతు పట్టుకొన్నాడు. తనకు మాఫీ అయిన దానిలో ఇది ఆరు లక్షలవ వంతు. మేలు పొందడం వేరు, పొందిన మేలును ఎరగడం వేరు అని ఈ కథ చూపుతుంది.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో మొదటి పదకొండు అధ్యాయాలు ముఖ్యంగా దేవుడు చేసినదానిని వివరిస్తాయి. పన్నెండవ అధ్యాయం "కాబట్టి" అనే భావంతో మొదలై, ఆ వాత్సల్యాన్ని బట్టి శరీరాలను సజీవ యాగంగా సమర్పించుకొనమని కోరుతుంది. అటుపిమ్మట అతిథి సత్కారం, శత్రువుకు అన్నం పెట్టడం, పన్ను కట్టడం వంటి దైనందిన విషయాలు వరుసగా వస్తాయి.

హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి

నెకర్ నది ఒడ్డున ఉన్న హైడెల్‌బర్గ్ నగరం అప్పట్లో పలాటినేట్ అనే సంస్థానానికి రాజధాని. దాని పాలకుడు మూడవ ఫ్రెడెరిక్ (1515–1576). తన రాజ్యంలో లూథరు అనుచరులు, కాల్విన్ అనుచరులు పరస్పరం కలహించుకొంటుండగా, బడులలోను, దేవాలయాలలోను ఒకే రీతిన బోధించడానికి ఒక పుస్తకం కావాలని ఆయన కోరాడు. రచనలో ప్రధాన పాత్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడైన జకరియాస్ ఉర్సీనుస్‌ది (1534–1583). బోధకుడు కాస్పర్ ఒలేవియానుస్ (1536–1587) పేరు కూడా సంప్రదాయంగా దీనితో జోడింపబడుతున్నది. 1563 జనవరిలో పాలకుడు దీనికి పీఠిక వ్రాసినప్పుడు ఉర్సీనుస్ వయస్సు 28, ఒలేవియానుస్ వయస్సు 26. ఇందులో 129 ప్రశ్నలు ఉన్నాయి. ఆదివారానికి కొన్ని చొప్పున ఏడాదిలో చదివి ముగించేటట్లు వీటిని 52 భాగాలుగా విభజించారు. 1618–19లో డచ్చి దేశంలోని డోర్ట్ నగరంలో జరిగిన మహాసభ దీనిని ఆమోదించింది.

మొదటి రెండు ప్రశ్నలు ఉపోద్ఘాతం. తరువాత పుస్తకం మూడు భాగాలుగా నడుస్తుంది. 3 నుండి 11 వరకు మనుష్యుని దుస్థితి, 12 నుండి 85 వరకు విమోచన, 86 నుండి 129 వరకు కృతజ్ఞత. ఈ మూడవ భాగంలోనే పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన వివరింపబడ్డాయి. ఈ అమరికలోనే దీని విశేషమున్నది. 1529లో లూథరు వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞలు మొట్టమొదట వస్తాయి. ఆజ్ఞలను చదివి తన పాపాన్ని తెలుసుకొన్నవాడు సువార్తను ఆశ్రయిస్తాడన్నది సాధారణంగా చెప్పబడే వివరణ. హైడెల్‌బర్గ్‌లో దుస్థితిని తెలుపడానికి దైవప్రేమ, పరప్రేమ అనే రెండు ఆజ్ఞల సారాంశాన్ని మాత్రం మొదట వాడుకొని, పది ఆజ్ఞల విపులమైన వివరణను విమోచన తరువాతకు మార్చారు. దొంగిలకూడదు అనే వాక్యం ఒక్కటే. కాని మొదటి చోట అది తీర్పు, రెండవ చోట అది విడుదలైనవాడు నడిచే బాట.

కృప వలననే విమోచన కలిగితే సత్క్రియలు ఎందుకు అని 86వ ప్రశ్న సూటిగా అడుగుతుంది. సమాధానంలో కృతజ్ఞతతో పాటు మరి రెండు కారణాలు కూడా ఉన్నవి: ఫలాలను బట్టి తన విశ్వాసం నిజమైనదని తనకు నమ్మకం కలగడం, మన నడవడి చూచి పొరుగువారు క్రీస్తు వైపు ఆకర్షింపబడడం. కాబట్టి ఈ పుస్తకం కృతజ్ఞతను ఏకైక కారణంగా చెప్పిందనడం సరికాదు. 64వ ప్రశ్న ఈ బోధ వలన జనం అజాగ్రత్తపరులు, దుష్టులు కారా అని అడిగి, కారని జవాబిస్తుంది. క్రీస్తుతో అంటుకట్టబడినవారు కృతజ్ఞతా ఫలాలను ఫలించకుండా ఉండడం అసాధ్యమని అక్కడి వాదం. చెట్టు కాయడానికి ఆజ్ఞ అక్కరలేదు గదా అన్న భావం ఇందులో ఉన్నది.

ఆజ్ఞల వివరణలో కృతజ్ఞత కేవలం మనోభావంగా మిగలలేదు. దొంగిలకూడదు అనే ఆజ్ఞ కింద తప్పుడు తూకాలు, తప్పుడు కొలతలు, నాసిరకపు సరుకు, చెల్లని నాణేలు, వడ్డీ దోపిడి అన్నీ దొంగతనంగానే చెప్పబడ్డాయి. నమ్మకంగా పనిచేసి, ఆ సంపాదనతో అవసరంలో ఉన్నవారిని ఆదుకొనాలని కూడా ఉన్నది. దేవునికి కృతజ్ఞత సంతలోని తక్కెడ వద్ద కనబడాలన్నమాట. ప్రార్థన కృతజ్ఞతలో ప్రధాన భాగమని 116వ జవాబు తెలుపుతుంది. అంతటి తరువాత కూడా, ఎంతటి పరిశుద్ధులలోనైనా ఈ విధేయత ఈ జీవితంలో స్వల్పమైన ఆరంభం మాత్రమేనని 114వ జవాబు ఒప్పుకొంటుంది.

ఇతర శాఖలలో ఈ భావన వేరు రూపాలలో ఉన్నది. ఇగ్నేషియస్ లయోలా రచించి 1548లో ముద్రితమైన ఆధ్యాత్మిక సాధనల గ్రంథంలో దినాంతపు ఆత్మపరీక్ష పాపాల లెక్కతో గాక పొందిన మేళ్ళకు వందనంతో మొదలవుతుంది.

ఋణమా, కృతజ్ఞతా?

ఈ బోధపై ముఖ్యమైన అభ్యంతరం ఒకటి కలదు. దేవుడు నాకు ఇంత చేశాడు, నేను ఆయనకు ఏమి చేశాను అనే ఆలోచన తెలియకుండానే అప్పు తీర్చే ప్రయత్నంగా మారుతుంది. ఉచితమని చెప్పినది వాయిదాల మీద కొన్నట్లవుతుంది. అమెరికా బోధకుడు జాన్ పైపర్ 1995లో వెలువరించిన ఫ్యూచర్ గ్రేస్ అనే గ్రంథంలో దీనిని ఋణస్థుని నీతి అని విమర్శించాడు. విధేయతకు కృతజ్ఞతే మూలమని బైబిలు సూటిగా చెప్పే సందర్భాలు అరుదని, ఇకముందు రాబోయే కృపపై విశ్వాసమే అసలైన చోదక శక్తి అని ఆయన వాదన. ద్వితీయోపదేశకాండంలోని పరిగె విధిని చూస్తే ఈ విమర్శ కొంత అతిగా తోచినా, హెచ్చరికగా దానికి విలువ ఉన్నది.

ఈ చర్చకు ప్రాచీన రోమను సమాజం నేపథ్యం. మొదటి శతాబ్దపు తత్త్వవేత్త సెనెకా ఉపకారాలను గురించి ఏడు భాగాల గ్రంథం వ్రాశాడు. ఆ సమాజంలో దానం పుచ్చుకొన్నవాడు దాతకు బద్ధుడు. దానం యోగ్యుని చూచి చేయాలి. బ్రిటిష్ పండితుడు జాన్ బార్‌క్లే 2015లో ప్రచురించిన పాల్ అండ్ ది గిఫ్ట్ అనే గ్రంథంలో, పౌలు చెప్పిన కృపకు పుచ్చుకొనేవాని యోగ్యతతో పని లేదని, అయినా అది ప్రతిస్పందనను ఆశించని దానం కాదని చూపాడు. ముందు షరతు లేదు, తరువాత స్పందన ఉన్నది.

తెలుగువారికి ఋణభావన క్రొత్తది కాదు. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అనే మాటలు, తల్లి ఋణం తీరదనే నానుడి అందరికీ తెలిసినవే. క్రైస్తవ బోధలో తేడా ఎక్కడున్నదంటే, అప్పు తీర్చవలసిన దిక్కు మారింది. పౌలు తాను ఋణస్థుడనని రోమా పత్రిక ఆరంభంలోనే చెప్పుకొన్నాడు. కాని ఎవరికి? గ్రీసు దేశస్థులకు, గ్రీకు రానివారికి, జ్ఞానులకు, అవివేకులకు. వారెవరూ ఆయనకు అప్పిచ్చినవారు కారు. దేవునివద్ద పొందినది పొరుగువానికి చెల్లించాలన్నది అక్కడి లెక్క.

జాన్ న్యూటన్ ఉదాహరణ

కృతజ్ఞత ఉన్నంత మాత్రాన నడవడి వెంటనే మారుతుందా అంటే చరిత్ర సందేహం కలిగిస్తుంది. అమేజింగ్ గ్రేస్ అనే ప్రసిద్ధ కీర్తన రచయిత జాన్ న్యూటన్ (1725–1807) 1748లో సముద్రంలో తుపానునుండి బ్రతికి బయటపడి దేవునివైపు తిరిగాడు. సాధారణంగా చెప్పే కథ ఇక్కడినుండి నేరుగా కీర్తనకు వెళుతుంది. నిజానికి ఆ తరువాతనే ఆయన ఆఫ్రికా బానిసలను మోసే ఓడలకు నాయకుడయ్యాడు. 1754 వరకు ఆ వ్యాపారంలో ఉండి, అనారోగ్యం వలన మానుకొన్నాడు. ఓడలో ప్రార్థనలు జరిపేవాడు. క్రింది అంతస్తులో సంకెళ్ళలో మనుష్యులు ఉండేవారు. 1764లో ఇంగ్లాండులోని ఓల్నీ గ్రామంలో గురువయ్యాడు. కీర్తన 1773 నూతన సంవత్సర ఆరాధనలో వాడబడింది. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, తన పాత్రను ఒప్పుకొంటూ ఆయన పుస్తకం ప్రకటించింది 1788లో, అనగా మారుమనస్సు కలిగిన నలభై ఏళ్ళకు. బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించిన 1807లోనే ఆయన మరణించాడు.

తన రక్షణకు ఆయన పొందిన కృతజ్ఞతను బూటకమని ఎవరూ అనలేదు. కాని పొరుగువాడు ఎవరో గుర్తించడానికి అది ఒక్కటే చాలలేదు.

ఒంగోలు, 1878

మేలు పొందినవాడు ఎవరికి కృతజ్ఞుడు కావాలి అనే ప్రశ్న తెలుగు దేశంలో ఒక కరవు సందర్భంలో ఎదురైంది. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ (1836–1910) 1866 నుండి ఒంగోలులో పనిచేశాడు. ఆ ఏడాదే బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ పల్లెలలో సువార్త వ్యాపించడం మొదలైంది. 1876–78 నాటి మహా కరవులో క్లౌ ప్రభుత్వం నుండి బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు.

కరవు పనులు, సహాయం జరిగిన కాలంలో అనేకులు బాప్తిస్మం కోరినా ఆయన ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఆపివేశాడు. అన్నం పెట్టిన చేతికి కృతజ్ఞతగా ఎవరూ మతంలో చేరరాదని ఆయన ఉద్దేశం. సహాయం ముగిసిన పిమ్మట, చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

బియ్యం కోసం మతం మారారన్న విమర్శ అయినా ఆగలేదు. కరవులో పొందిన ఆదరణ జ్ఞాపకం నెలలు గడిచినంతనే మాసిపోదు గనుక ఆ విమర్శను పూర్తిగా త్రోసివేయడం కూడా కష్టమే. మరోవైపు ఈ ఉద్యమం కరవుకు పదేళ్ళ ముందే మొదలైందని, అంటరానితనం కింద నలిగినవారికి చదువు, గౌరవం, సమాన భోజనం అనేవి ఆకలికన్న తక్కువ కారణాలు కావని చరిత్రకారులు చూపారు. కాలువ వద్ద వారు పొందినది భిక్ష కాదు, తమ చెమటకు కూలి అన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకొనాలి. కూలి పుచ్చుకొన్నవాడు యజమానికి ఋణపడడు.

ఇదే చిక్కును పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8, 9 అధ్యాయాలలో ఎదుర్కొన్నాడు. యెరూషలేములోని పేదలకోసం చందా పోగుచేస్తూ, దాని ఫలితంగా పుచ్చుకొన్నవారు దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తారని వ్రాశాడు. పుచ్చుకొనేవారి కృతజ్ఞతను దాతలవైపు కాక దేవునివైపు మళ్ళించాడు. ఎక్కువగా ఇచ్చినవారిగా ఆయన పేర్కొన్నది నిరుపేదలైన మాసిదోనియ సంఘాలను.

తెలుగు సంఘాలలో

దోర్నకల్ అధ్యక్షుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందాడు. పేద గ్రామ సంఘాలు కూడా విదేశీ ధనంపై ఆధారపడక తమకు ఉన్నదానిలో ఇవ్వడం నేర్చుకొనాలని ఆయన పట్టుదల. క్రైస్తవ దానంపై ఆంగ్లంలో ఒక పుస్తకం కూడా వ్రాశాడు. ఎల్లప్పుడూ పుచ్చుకొనేవానిగా ఉన్నవానికి ఇచ్చే అవకాశం కలగడమే ఒక గౌరవం అన్న కోణంలో ఈ పట్టుదలను చూడవచ్చును.

దక్షిణ ఇండియా సంఘం మొదలైన సంఘాలలో కోత పండుగ నాడు ధాన్యం, కూరగాయలు, కోళ్ళు తెచ్చి అర్పించడం, వాటిని ఆరాధన తరువాత వేలం వేయడం ఆచారం. ఇల్లు కట్టినా, ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా ఇంటివద్ద కృతజ్ఞతా కూటం పెట్టి, సాక్ష్యం చెప్పి, వచ్చినవారికి భోజనం పెడతారు. పుట్టినరోజుకు, పెండ్లి రోజుకు దేవాలయంలో కృతజ్ఞతార్పణ కవరు ఇవ్వడం పట్టణాలలో సాధారణం.

ఈ అర్పణలు కొన్నిసార్లు మ్రొక్కుబడులతో కలిసిపోతుంటాయి. లేవీయకాండం 7వ అధ్యాయం ఈ రెంటిని వేరు చేస్తుంది. మ్రొక్కుబడి బలి మాంసాన్ని రెండవ నాడు కూడా తినవచ్చును. కృతజ్ఞతార్పణ మాంసానికి ఆ వెసులుబాటు లేదు. మ్రొక్కుబడి కోరిక నెరవేరకముందు పలికిన మాటను నిలుపుకొనడం. కృతజ్ఞతార్పణ ఏ ఒప్పందమూ లేకుండా మేలు కలిగిన తరువాత చేసేది.